గాలి ఆగేదాక

ఐదున్నరకల్లా గాలి పడిపోతదని వెంచర్ కాపలాదారు హన్మంతు చెప్పిండు గానీ, ఐదున్నర దాటి పది నిమిషాలైనా కమానుకు కట్టిన రంగు జెండాలు పటపట కొట్టుకుంటనే ఉన్నయి. విజయ ఆ జెండాలనే చూస్తున్నది. జెండా కొస కిందికి వాలితే గాలి తగ్గినట్టు, అడ్డంగ లేస్తే తగ్గనట్టు, ఇంతకన్న పెద్ద లెక్క దీంట్ల ఏదీ లేదు. జనగామ నుంచి సూర్యాపేట పోయే రోడ్డు మీద, ఊరు దాటినంక కొంత దూరానికి, ఎవరో ఎకరాలకు ఎకరాలు చదును చేసి, నల్లటి డాంబరు రోడ్లేసి, హద్దురాళ్ళు పాతి, ముందట పెద్ద కమాను కట్టిన్రు. ఇల్లు మటుకు ఒక్కటి లేవలే. ఇంత జాగల కప్పున్నది హన్మంతు ఉండే గదికి ఒక్కదానికే. ఆ గదిల నుంచి ఆయన తెచ్చి ఏసిన ప్లాస్టిక్ కుర్చీల మాన్‌సింగ్ కూసున్నడు. కుడిచెయ్యి ఒళ్ళె పడి ఉన్నది, ఎవరో అక్కడ పెట్టి మర్చిపోయిన వస్తువు లెక్క. ఎడమచెయ్యి రిమోటు మీద ఉన్నది. ఆయన ముందట రోడ్డు మీద పాత దుప్పటి, దుప్పటి మీద విమానం, దాని చక్రాలకు అటొక రాయి, ఇటొక రాయి. ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలు, నడుమ వెదురు పుల్లలు, ఎర్ర టేపు చుట్టిన ముక్కు. నాలుగడుగుల వెడల్పు ఉన్నా ఎత్తితే పిల్లిపిల్లంత బరువు ఉండది. గాలి ఎప్పుడు జర గట్టిగ వచ్చినా పై రెక్క సన్నగ వణుకుతున్నది, అది వణికినప్పుడల్లా మాన్‌సింగ్ ఎడమచేతి బొటనవేలు కూడ కదులుతున్నది. ఆయనకు ఆ సంగతి తెల్వదు. విజయ చూసి, మళ్ళ జెండాల దిక్కు చూసింది.

ఎగరేసేటోడు రవీందర్. అది రెండు వారాల కిందనే ఖాయమైన ముచ్చట. భూపాలపల్లి బొగ్గు గనిల మాన్‌సింగ్ పదహారేండ్లు ఎలక్ట్రీషియన్ పని చేస్తే, అండ్ల పదకొండేండ్లు రవీందర్ అదే షిఫ్టుల ఫిట్టరు. షిఫ్టు దిగినంక ఇద్దరు బండేసుకొని టేకుమట్ల దిక్కు పోయి, కోతలైన మళ్ళల్ల విమానాలు ఎగరేసేటోళ్ళు. ఆ మళ్ళు విజయ ఎన్నడు చూడలే. చూపించే వీడియోలల్ల మాత్రం చూసింది, ఫోను చిన్న తెర మీద ఆకాశం, ఆకాశంల ఒక చుక్క, ఎనుక నుంచి ఇద్దరు మొగోళ్ళ నవ్వులు. పొద్దుగాల రవీందర్ ఫోన్ చేసి, మధ్యాహ్నం రెండింటికి బయలెల్తున్న, ఐదింటికల్లా ఆడుంట వదినా, అన్నను తయారు చేసి తీసుకరా అన్నడు. మూడు గంటలకు మళ్ళ ఫోన్. ఘనపూర్ దగ్గర బండి చైను తెగింది, మెకానిక్ భోజనానికి పోయిండట. నాలుగున్నరకు ఇంకో ఫోన్, మెకానిక్ వచ్చిండు గాని చైను లేదట, ములుగు నుంచి తెప్పిస్తున్నడట. ఆ లెక్కన పొద్దు మునిగేలోపల రవీందర్ హన్మకొండ గూడ దాటడు. ఈ సంగతి ఆమె మాన్‌సింగ్‌కు ఇంకా చెప్పలే. జెండాలు కొట్టుకుంటున్నంతసేపు చెప్పే అవసరం లేదు గద, గాలి ఉన్నప్పుడు రవీందర్ ఉన్నా లేకున్నా ఒకటే. అట్ల అనుకొని ఊకున్నది.

ఊకునుడు ఆమెకు కొత్తగాదు. ఆదివారాలన్ని ఊకునే ఉన్నది. వారమంత భూపాలపల్లి క్వార్టర్ల ఉండి, శనివారం సాయంత్రం బస్సు దిగి వచ్చేటోడు మాన్‌సింగ్. ఆదివారం పొద్దుగాల చాయ తాగి ముందటి అర్రల దూరి తలుపు దగ్గరికేసేటోడు. బిడ్డ బుజ్జి సదువు, విజయ కుట్టు దుకాణం జనగామల ఉండబట్టి వీళ్ళిక్కడ, ఆయన అక్కడ. వారంల ఒక్క దినం మనిషి ఇంట్ల ఉండేది, ఆ దినం తలుపెనుక ఉండేది. చెడ్డ అలవాట్లు లేవు. కల్లు తాగడు, పేకాడడు, కొట్టడు, తిట్టడు. పక్కింటోళ్ళు, ఎంత మంచోడమ్మా మీ ఆయన, చప్పుడే ఉండది అనేటోళ్ళు. నిజమే, చప్పుడు ఉండకపోయేది. జిగురు కాలుతున్న వాసన ఒకటి తలుపు సందుల నుంచి వచ్చేది. ఒకసారి, బుజ్జి ఏడో తరగతిల ఉన్నప్పుడనుకుంట, విజయ చాయ ఇయ్యనీకె పోయి, బల్ల మీద పరిచిన తెల్ల ముక్కలు చూసి, వాటి కోతలు చూసి, అచ్చం తను జాకెట్టు ముక్కలు పరిచినట్టే ఉన్నయని నవ్వొచ్చి, గిదేంది, గిదెట్ల మలుస్తరు అని ఒక ముక్క ముట్టుకోబోయింది. చెయ్యి పెట్టకు, అన్నడు. కోపంగ గాదు, తల గూడ ఎత్తలే. బస్సుల పక్క సీటాయన అన్నట్టు అన్నడు. ఆమె చాయ కప్పు కింద పెట్టి బయటికొచ్చి, ఆ పూట మూడు జాకెట్లకు కాజాలు కుట్టింది. ఏడ్వలే. ఆ మాట మటుకు అట్లనే ఉండిపోయింది, లోపల ఎక్కడనో, సూది గుచ్చుకుంటే కొస విరిగి లోపలుండిపోయినట్టు. నొప్పి ఉండది, ఉన్నదని తెలుస్తది.

పోయిన ఆగస్టుల ఒకనాడు పొద్దున, షిఫ్టుకు తయారై అంగీ గుండీలు పెట్టుకుంటుంటే, కుడిచెయ్యి గుండీని పట్టలే. బయట రవీందర్ బండి హారన్ కొట్టి కొట్టి లోపలికొచ్చి చూస్తే, మంచం పక్క కింద కూసొని గుండీ దిక్కే చూస్తున్నడట. హన్మకొండ దవాఖానల పదకొండు రోజులు. మాట పోయింది, కుడికాలు పోయింది, చెయ్యి పోయింది. కాలు సగం వచ్చింది. మాటలల్ల మొదలు వచ్చినయి తండ మాటలు. నర్సింహులపేట దగ్గరి తండల పుట్టిపెరిగిన మాటలు, వీళ్ళిద్దరు పెండ్లైన కొత్తల మాట్లాడుకున్నయి, బుజ్జిని ఇంగ్లీషు బడిల ఏసినంక ఇంట్ల బందు పెట్టినయి. పాణి అన్నడు ఒకనాడు. నీళ్ళు తాపింది. తర్వాత ఒక్కొక్కటి తెలుగు మాటలు, కొన్ని తప్పు జాగల్ల. రెక్కను తలుపు అంటడు. తప్పని తెలిసి కుర్చీ చేతిని కొడతడు. విమానం ముచ్చట్లకు తండ భాషల మాటలు లేవు, అందుకే అవి అన్నిటికన్న ఆలస్యం. బుజ్జి హన్మకొండల నర్సింగు సదువుతున్నది, వారానికోసారి వచ్చి బాపును చిన్నపిల్లగాన్ని ముద్దు చేసినట్టు చేస్తది, అందరు అట్లనే చేస్తరు, ఏమన్నా సరే బాపూ, అట్లనే బాపూ, నువ్వు చెప్పిందే కరెక్టు బాపూ. విజయ గూడ అట్లనే అంటది. మనిషి చెప్పింది తప్పైనా రైటైనా తలూపితే ఆ పూట గడుస్తది.

క్వార్టర్ ఖాళీ చేసి రవీందర్ సామాను ట్రాలీ ఆటోల తెచ్చినప్పుడు, బియ్యం సంచిల ఈ విమానం ముక్కలుండె. సగం కోసినయి, సగం గీసినయి. దారిల మంచం కోడు కింద పడి నుగ్గయినయి. మిగిలింది ఒక నోటుబుక్కు, అండ్ల గీతలు, అంకెలు తప్ప ఒక్క మాట లేదు. వదినా, గిది అన్న చానా దినాల సంది అనుకుంటున్నడు, జంట రెక్కలది, మొత్తం మొదటి నుంచి సొంతంగ చేస్త అన్నడు, ప్లాను ఎక్కడ దింపుకోలే, అంత తలకాయల్నే ఉన్నది, అన్నడు రవీందర్. తలకాయల ఉన్నది ఇగ బయటికి రాదని ఇద్దరికీ తెలుసు. నవంబర్ల ఫిజియోథెరపీ ఆయన, ఎడమచేతికి ఏమన్నా పని పెట్టుండ్రి అమ్మా, మనసు పెట్టే పని, అన్నడు. అప్పుడు విజయ ఆ నోటుబుక్కు తీసి ఆయన ముందట పెట్టింది. ప్రేమతోని పెట్టిందని తర్వాత రవీందర్ నలుగురికి చెప్పుకున్నడు గాని, ప్రేమని ఆమె అనుకోదు. పదకొండేండ్ల ఆదివారాలు తిన్న వస్తువు ఎట్లుంటదో చూడాలని ఉండె, అంతే. ఫోమ్ బోర్డు కోసం ఎక్కడెక్కడ తిరగాల్నో అనుకుంటే, జనగామ బస్టాండు పక్క పిల్లల పుస్తకాల దుకాణంల దొరికింది. రెండు కాయితాల నడుమ తెల్లటి నురగ పలక, బడిపిల్లలు ప్రాజెక్టులు చేసేది. దీనికోసమా, అనుకున్నది. ఇంత అగ్గువ వస్తువు అడ్డం పెట్టుకొని మనిషి అంత దూరం పోయిండా, అనుకున్నది.

మొదటి దినం మాన్‌సింగ్ ఎడమచేత్తోని బ్లేడు పట్టి వేలు కోసుకున్నడు. బ్లేడు విజయ గుంజుకున్నది. అట్ల మొదలైంది. ఆయన నోటుబుక్కుల వేలు పెడతడు, ఆమె కొలుస్తది, గీస్తది, కోస్తది. ఇరవై ఏండ్ల సంది అంగుళాలల్ల కొలిచిన చెయ్యి గద, మొదటి పలక మీద అలవాటుగ టేపు అంగుళాల దిక్కు పెట్టింది, ఆయన అంకెలేమో సెంటీమీటర్లు. విమానం నడుం ఉయ్యాల తొట్టెంత అయింది. మాన్‌సింగ్ దాన్ని చూసి, ఆగస్టు సంది మొదటిసారి నవ్విండు, మూతి ఒకదిక్కే లేచింది. తర్వాత చెయ్యికి తెలిసొచ్చింది. పై కాయితం, నురగ తెగాలె, కింది కాయితం తెగొద్దు, అప్పుడు ఆ గీత కాడ మలుస్తే పెట్టె లెక్క మూల నిలబడతది. అస్తరు కోస్తూ పైబట్టకు గాటు పడకుండ చూసుకున్నట్టే. రెక్కకు లోపలి కాయితం తడిగుడ్డతోని తుడిచి పొర పొరంత లాగేసి, బల్ల అంచుకు పెట్టి అరచేత్తోని మెల్లగ ఒంచుతే, చదును పలక ఊపిరి పీల్చిన రొమ్ము లెక్క గుండ్రమైతది. దాని నడుమ పొడుగు పలక పట్టీ ఒకటి నిలబెట్టి, వేడి జిగురు పూసి, మలిచి, పదిహేను అంకెలు లెక్కపెట్టేదాక ఒత్తి పట్టాలె. ఆ పదిహేను అంకెలప్పుడు మాన్‌సింగ్ గూడ ఎడమచెయ్యి ఆమె చెయ్యి పక్కన పెట్టి ఒత్తేటోడు. పెండ్లైన ఇరవై మూడేండ్లల్ల ఇద్దరు కలిసి ఒక వస్తువును అంతసేపు పట్టుకున్నది అదే మొదలు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది, తట్టి, పదమూడు పద్నాలుగు పదిహేను అని లెక్కబెట్టి చెయ్యి తీసింది. తోక రెక్కల అంచు ఏటవాలుగ చెక్కి టేపుతోని కీలు కట్టుడు, అగ్గిపెట్టెకన్న చిన్న మోటర్లు రెక్కల పొట్టల పొదిగి సన్నటి ఉక్కు తీగెలతోని వాటిని కలుపుడు, పై రెక్క కింది రెక్కకన్న రెండు వేళ్ళు ముందుకుండేటట్టు వెదురు పుల్లలు నిలబెట్టుడు. పుల్లలు మూడుసార్లు వంకరపోయినయి, మూడుసార్లు ఊడబీకింది. దుకాణం మీదికి వచ్చేటోళ్ళు, అక్కా జాకెట్టు ఎప్పుడిస్తవు అంటే, రెక్క ఎండనియ్యి అని నోటికొచ్చి, రేపిస్త అనేది.

ఎనుక నుంచి ఏదో రాలిన చప్పుడు. హన్మంతు పొయ్యిలకు పుల్లలు ఏరుకొస్తున్నడు. అరవై దాటినయి ఆయనకు, దూరపు మనిషి, బిడ్డ ఈ దిక్కే ఉంటదని ఇక్కడ కాపలాకు కుదిరిండు. దగ్గరికొచ్చి విమానం చుట్టు తిరిగి, రెండు చేతులు ఎనుకకు కట్టుకొని వంగి చూసిండు.

"గిది పెద్దగున్నది బిడ్డా. ఇంకొకలెవరో రావాల్నంటివి?"

"వస్తుండు కాకా, బండి ఖరాబైంది. గాలి గూడ తగ్గలే గద."

"తగ్గుతది, ఇంకో పావుగంట. వాడొచ్చేదెందుకు మరి? నువ్వే ఎగరెయ్యి. రోజు పొద్దుగాల ఆ పాతదాన్ని ఎగరేస్తలేవా? ఇప్పుడు మంచిగనే దించుతున్నవు. మొదట్ల కమానుకు కొట్టినవు గాని."

అని నవ్వి, పుల్లలు తీసుకొని గది దిక్కు పోయిండు. ఆయన తప్పేం లేదు. ఆయనకు ఎవరూ చెప్పొద్దని చెప్పలే. విజయ జెండాల దిక్కే చూస్తున్నది గాని ఇప్పుడు అవి ఎట్లున్నయో కండ్లకు కనిపిస్తలేదు. పక్కనుంచి మాన్‌సింగ్ చూపు చెంప మీద పడుతున్నది తెలుస్తున్నది, ఎండ పడ్డట్టు.

జనవరిల మొదలు పెట్టింది. పొద్దుగాల ఏడింటికి ఆయన్ను ఫిజియోథెరపీకి ఆటోల దించితే మళ్ళ ఎనిమిదింటికి తీసుకోవాలె. నడుమ ఒక గంట. ఆ గంటల అర్ర సజ్జ మీదున్న పాత ఒంటి రెక్క విమానం స్కూటీ ముందట నిలబెట్టుకొని ఇక్కడికొచ్చేది. మొదటి దినం చేత్తోని ఇసిరి, రిమోటు అందుకునేలోపల అది పోయి కమానుకు తాకి ముక్కు పగిలింది. రెండో వారం తుమ్మచెట్ల పడ్డది. మూడోసారి రోడ్డవతలి పత్తిచేన్ల పడితే, నిలబడ్డ పత్తి కట్టెల నడుమ అర్ధగంట దేవులాడింది, చీరంత పత్తి అంటింది, ఆనాడు మాన్‌సింగ్ ఆమె కొంగుకున్న పత్తిపింజ తీసి చూసి ఏమీ అడగలే. అడిగే మాట అప్పటికి దొరకలేదో, అడగాలనుకోలేదో. అందరికీ కష్టమయ్యేది, విమానం మనదిక్కు మర్లి వచ్చేటప్పుడట, కుడి ఎడమైతది, ఎడమ కుడైతది, అక్కడే కొత్తోళ్ళు కూలగొడతరని రవీందర్ ఒకసారి ఫోన్ల అన్నడు. ఆమెకు అది కష్టం కాలే. అద్దంల కొలతలు సరిజేసిన మనిషికి, ఎదురుగ నిలబడ్డ ఆడోళ్ళ ఎడమ భుజం మీద రోజు టేపు పెట్టే మనిషికి, మర్లుడు తెలుసు. ఫిబ్రవరిల ఒకనాడు అది పైన మూడు చుట్లు తిరిగి, చెప్పినట్టు వచ్చి రోడ్డు మీద దిగింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆమె పోయి దాన్ని ఎత్తుకొని, జర సేపు నిలబడ్డది. సంతోషమో ఏమో. లోపలంత ఖాళీగ, ఊడ్చిపెట్టినట్టుండె. చెప్పాలె, ఈనాడు చెప్పాలె అనుకుంటనే ఆటో ఎక్కించి ఇంటికి తీసుకపోయింది. చెప్పలే. చెప్తే అది మళ్ళ ఆయనదైపోతది అనిపించింది.

మిరప చేన్ల యాడి, అంటే విజయ వాళ్ళమ్మ, తల ఎత్తకపోయేది. విజయకు తొమ్మిదేండ్లున్నప్పుడు మానుకోట దిక్కు కాయ ఏరనీకె పోయేటోళ్ళు, తండకు తండ. పైనుంచి ఒక విమానం, నిజం విమానం, చప్పుడు చేసుకుంట పోతే ఏరేటోళ్ళందరు నడుము ఎత్తి చూసిన్రు. యాడి ఒక్కతే చూడలే. ఎందుకు చూడవు అంటే, చూస్తే ఏమొస్తది, నా సాలు ఎనుకబడతది, అన్నది. అద్దాల రవిక ఎండకు మెరుస్తున్నది, వేళ్ళు కాయ తుంపుతున్నయి, విమానం చప్పుడు పోయినంక గూడ ఆ వేళ్ళు అదే జోరు. అప్పుడు విజయ యాడిని చూడాల్నా, విమానాన్ని చూడాల్నా తెల్వక రెండూ సగం సగం చూసింది. యాడి పోయి ఆరేండ్లాయె. గిప్పుడు ఇక్కడుంటే ఏమంటుండె. ఏమీ అనకపోతుండె, గాలికి పోకుండ దుప్పటి అంచు మీద రాయి పెడుతుండె.

"ఎప్ప... ఎప్పటి సంది?"

మాన్‌సింగ్. ఒక్కొక్క మాట మెట్టెక్కినట్టు ఎక్కి అన్నడు.

"జనవరి సంది."

"ఏది?"

"నీ పాతది. నీలం తోకది."

ఆయన రోడ్డు దిక్కు చూసిండు. "పగల... గొట్టినవా?"

"మూడుసార్లు. అతికిచ్చిన."

కమాను మీద జెండాల చప్పుడు తగ్గింది, ఎప్పుడు తగ్గిందో ఇద్దరూ చూడలే. ఒక పచ్చ జెండా, దాని పక్క ఎర్రది, కొసలు కిందికి వేలాడి, తాళ్ళ మీద ఆరేసిన బట్టల లెక్క నిలబడ్డయి. విజయ వేలు నోట్లె తడి చేసుకొని పైకెత్తింది. ఏ దిక్కూ చల్లబడలే. పొద్దు ఇంకా రెండు నిలువుల ఎత్తున్నది. మహా అంటే ఇరవై నిమిషాలు ఇట్ల ఉంటది, తర్వాత చీకటి పడ్డప్పటి గాలి మొదలైతది, అది ఇంటి కాడ రోజు చూస్తున్నదే.

"రవి," అన్నడు మాన్‌సింగ్.

"రవీందర్ రాడు. ఘనపూర్ల ఆగిపోయిండు. మూడింటికే ఫోన్ చేసిండు."

చెయ్యి చాపింది. రిమోటు ఆయన ఒళ్ళె ఉన్నది, ఎడమచెయ్యి దాని మీద ఉన్నది. చెయ్యి తియ్యలే. గుంజుకుంటే వస్తది, ఆ చేతికి బ్లేడు గుంజుకున్ననాటి కన్న ఎక్కువ బలమేం లేదు. గుంజుకోలే. చాపిన చెయ్యి అట్లనే పెట్టి నిలబడ్డది. నొప్పి పుట్టినా దించలే. ఇట్ల ఎంతసేపంటే, హన్మంతు గది ముందట పొయ్యి అంటుకొని పొగ నిట్టనిలువుగ లేచింది. ఆ పొగ చూసిండు మాన్‌సింగ్. గాలి లేదని ఆయనకు గూడ తెలిసింది. ఎడమ బొటనవేలుతోని రిమోటు స్విచ్ పైకి నూకిండు. చిన్న దీపం ఎలిగింది. ముందు రిమోటు, తర్వాత విమానం బ్యాటరీ. ఆ వరస తప్పితే మోటరు చేతుల తిరుగుతది, వేళ్ళు పోతయి. ఆ వరస ఆయన మర్చిపోలే. రిమోటు ఎత్తి ఇచ్చిండు.

రాళ్ళు తీసింది. దుప్పటి తీసింది. విమానం ముక్కును కమాను దిక్కు మలిపి పెట్టి, బ్యాటరీ తగిలిచ్చి, ఎనుకకొచ్చి ఆయన కుర్చీ పక్కనే నిలబడ్డది. రిమోటు పుల్ల జరుపుతే తోక అటు ఇటు ఆడింది. పాతదాన్ని చేత్తోని ఇసిరేది, ఇది చక్రాల మీద పోవాలె, ఇది ఆమెకూ కొత్తనే. మోటరు పుల్ల పైకి నూకింది. ముక్కు ఎడమకు గుంజింది, కుడికి పట్టింది, మళ్ళ ఎక్కువైంది, సరిజేసింది, తోక లేచింది, డాంబరు మీద చక్రాల గరగర, హద్దురాళ్ళు ఒకటి రెండు మూడు దాటిపోయినయి, గరగర ఆగిపోయింది. ఆగిపోయిందంటే భూమి వదిలినట్టు. రెండు రెక్కల నడుమ సందుల నుంచి ఆకాశం కనపడ్డది. ఎంత మెల్లగ పోతుందో. పాతది ఉరుకుతుండె, ఇది నడుస్తున్నది, పనిలేని మనిషి బజారుకు పోయినట్టు. ఎడమకు కొంచెం వాలుతున్నది, చిన్న మీట రెండుసార్లు నొక్కింది, వాలుడు ఆగింది. కమాను మీదికెల్లి తిప్పింది, మర్లి ఎదురుగ వచ్చింది, ఎండ పడి కింది రెక్క తెల్లగ, పై రెక్క నీడ దాని మీద పొడుగ్గ. ఆమె కోసిన కోతలన్ని అక్కడ పైన కనిపిస్తున్నయి, ఏ మలుపు కాడ జిగురు ఎక్కువైందో గూడ తెలుసు. రెండో చుట్టు. మూడోది. భయం, సంతోషం, గెలుపు, ఏదో ఒకటి రావాలె గదా అనిపించింది, రాలే. పైన అది ఉన్నది, కింద ఈమె ఉన్నది, నడుమ చేతివేళ్ళు. ఒక్కసారి, ఒక్కసారే, పక్కకు చూసింది. మాన్‌సింగ్ తల పైకెత్తి చూస్తున్నడు. ఎడమచేతి వేళ్ళు కుర్చీ అంచు మీద లేని పుల్లను తిప్పుతున్నయి. మొఖంల సంతోషం లేదు. కండ్లల్ల నీళ్ళు లేవు. ఆ మొఖాన్ని ఆమె గుర్తుపట్టింది, ఎప్పుడూ అద్దంల చూసుకోకపోయినా గుర్తుపట్టింది. చాయ కప్పు చేతుల పట్టుకొని తలుపు బయట నిలబడ్డ మనిషి మొఖం అది. జాలి పడాలె. పడలే. చెడ్డగ సంతోషపడ్డదా అంటే అదీ లేదు. అవును, గిట్లనే ఉంటది, అనుకొని మళ్ళ పైకి చూసింది.

నాలుగు నిమిషాలకు, బ్యాటరీ అయిపోవస్తున్నదని రిమోటు కూసింది. దించాలె. రోడ్డుకు వరసల తెచ్చింది, మోటరు తగ్గించింది, పాతదాన్నైతే ఇక్కడ మోటరు మొత్తం తీసేస్తే తేలుకుంట వచ్చి కూసునేది. తీసేసింది. జంట రెక్కలది తేలలే. గాలిల ఎవరో చెయ్యి పట్టి ఆపినట్టు ఆగి, ముక్కు ఒంచి, మోకాలెత్తు నుంచి దబ్బున రోడ్డు మీద పడ్డది, చక్రాల మీద దుమికి, ముక్కు మీద బోర్లపడ్డది. ఫ్యాన్ రెక్క విరిగి ఎగిరి పక్కకు పడ్డది. గది ముందట నుంచి హన్మంతు, అయ్యో, అన్నడు. విజయ పోయి బ్యాటరీ తీగ ఊడబీకి, విమానాన్ని ఎత్తి చూసింది. ముందటి వెదురు పుల్ల ఒకటి లేచింది. మిగతాదంత మంచిగనే ఉన్నది. తెచ్చి మాన్‌సింగ్ ముందట పెట్టి, తను రోడ్డు మీదనే కూసున్నది.

ఆయన ఎడమచేత్తోని పుల్ల పట్టి చూసిండు, ఊడిన జిగురును గోటితోని గీకిండు. తర్వాత ఆమె దిక్కు చూసి, "ముందే," అన్నడు.

"ఏంది?"

"మోటరు. ముందే... తీసినవు."

ఆమె అట్లనే అనలేదు, సరే అనలేదు. అనే అలవాటు నోటిదాక వచ్చి ఆగిపోయింది. "నేనేం ముందే తియ్యలే. ముక్కు బరువున్నది. బ్యాటరీ గంత ముందుకు పెట్టుమన్నదెవరు? నువ్వే గద."

"కాదు."

"ఎట్ల కాదు? ముక్కు మీదనే పడ్డది చూడు."

"రెండు తలు..." ఆగిండు. కుర్చీ చేతిని కొట్టిండు. మళ్ళ మొదలు పెట్టిండు, నుదురు మీద నరం లేచింది. "రెక్కలు. రెండు. గాలి... పట్టు... పట్టుకుంటది. మోటరు ఉండాలె. కిందికొచ్చే దాక. ఉండాలె."

ఇన్ని మాటలు ఒక్కసారి, ఆగస్టు సంది, ఎవరితోని అనలే. విజయ ఆ మాటలను లెక్కబెట్టలే, ఆమె మనసు అండ్ల లేదు. ఆయన చెప్పిందే నిజమని ఆమెకు ఎరికే. మోటరు తీసిన క్షణంలనే చేతికి తెలిసింది. ఒప్పుకోబుద్ధి కాలే.

"అదంత సరే, ముక్కు మటుకు బరువున్నది," అన్నది.

"లేదు!"

"ఉన్నది."

"నీ... నీ తల."

ఆమెకు నవ్వొచ్చింది, కోపం గూడ వచ్చింది, రెండూ ఒకదాని ఎనుక ఒకటి. వాళ్ళను దించిపోయిన ఆటో మళ్ళ కమాను కాడికి వచ్చి ఆగింది, డ్రైవరు హారన్ కొట్టిండు. హన్మంతు, పోతరా బిడ్డా, గేటెయ్యాల్నా, అని అక్కడి నుంచే అడిగిండు. ఫోన్ మోగింది, రవీందర్ పేరు ఎలిగింది, మోగి మోగి ఆగిపోయింది. మాన్‌సింగ్ కుర్చీల ముందుకు జరిగి వంగి, విమానం పొట్ట తెరిచి, ఒంటి చేత్తోని బ్యాటరీని బయటికి గుంజుతున్నడు, చూపిస్త, చూడు అన్నట్టు. అది రబ్బరు కింద ఇరుక్కొని వస్తలేదు. విజయ సాయం పట్టలే. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని, "తియ్యి, తీసి చూపియ్యి," అన్నది.

ఆటో ఇంకోసారి హారన్ కొట్టింది. ఇద్దర్ల ఎవరూ లేవలే.